పేరు దాచిన గది, ధర దాచిన బేరం: హిందూపురం పట్టుగూళ్ళ నుంచి ఆన్‌లైన్ మిస్టరీ డీల్స్ దాకా

ఈ ఎపిసోడ్‌లో మనం ఒక వింత బేరం చరిత్ర చెప్పుకుందాం. ఈ బేరంలో డబ్బు ముందే కట్టాలి. కట్టాక గానీ ఏం కొన్నామో తెలీదు. తెలిశాక నచ్చకపోయినా డబ్బు వెనక్కి రాదు. హిందూపురం మార్కెట్ యార్డులో ఎవరికైనా ఈ మాట చెప్పి చూడండి. "మూట విప్పి చూపించకుండా చింతపండు అమ్ముతావా నాయనా?" అంటారు. కానీ 1998 నుంచి అమెరికాలో లక్షల మంది హోటల్ గదుల్ని సరిగ్గా ఇలాగే కొన్నారు. అక్కడికి ఉద్యోగాలకి వెళ్ళిన మన తెలుగువాళ్ళు కూడా కొన్నారు, కొని లాభపడ్డారు.

మరి ఈ బేరం అక్కడ ఎందుకు నడిచింది? ఇక్కడ ఎందుకు నడవలేదు? హిందూపురం, పెనుకొండ, ధర్మవరం, ఈ మూడు ఊళ్ళని పక్కన పెట్టుకుని చూస్తే జవాబు బాగా తెలుస్తుంది. ఎందుకంటే ధర దాచడం అంటే ఏంటో, ధర అందరి ముందూ పలకడం అంటే ఏంటో, ఈ మూడు ఊళ్ళకీ పట్టు వ్యాపారంలో బాగా తెలుసు.

ముందు గది ధర అనేది ఎక్కడ మొదలైందో చూద్దాం. మన దగ్గర ప్రయాణికుడి బస అంటే చాలాకాలం సత్రమే. 1565లో విజయనగరం యుద్ధంలో ఓడిపోయాక రాజధాని పెనుకొండకి మారింది. అప్పటికే అది పెద్ద కోట ఉన్న ఊరు. రాజులు, దండనాయకులు, వర్తకులు దారుల వెంబడి మండపాలు, సత్రాలు కట్టించడం పుణ్యం అనుకున్న కాలం అది. సత్రంలో గదికి ధర ఉండదు. ఎవరు ఉండొచ్చు, ఎన్ని రోజులు ఉండొచ్చు అన్న లెక్క ఉండేది. కులం లెక్క కూడా ఉండేది, అది దాచాల్సిన విషయం కాదు. అంటే డబ్బు అడ్డం లేదు గానీ తలుపు అందరికీ ఒకేలా తెరుచుకునేది కాదు.

ఉత్తరాదిలో సత్రంలాంటివే సరాయిలు. వాటి కోసం బ్రిటిష్ ప్రభుత్వం 1867లో సరాయిల చట్టం తెచ్చింది. అందులో సరాయి నడిపేవాడి బాధ్యతల జాబితా ఒకటి ఉంది. శుభ్రంగా ఉంచాలి, కాపలా పెట్టాలి, అంటురోగం వస్తే చెప్పాలి. వీటితో పాటు ఇంకో మాట ఉంది: వసూలు చేసే ధరల పట్టిక అందరికీ కనబడే చోట పెట్టాలి. ఏ భాషలో పెట్టాలో కూడా జిల్లా మేజిస్ట్రేటు చెప్తాడు. ఎందుకీ నియమం? రాత్రిపూట అలిసిపోయి వచ్చిన బాటసారికి బేరం ఆడే ఓపిక ఉండదు. పక్క ఊరికి పోలేడు. వాడి అవసరం చూసి ధర పెంచకుండా ఉండాలంటే ధర గోడ మీద ఉండాలి. ఇప్పటికీ చిన్న లాడ్జిల్లో కౌంటర్ వెనక టారిఫ్ బోర్డు కనిపిస్తుంది కదా, దాని వెనక ఉన్న ఆలోచన ఇదే.

తర్వాత రైలు వచ్చింది. గుంతకల్లు, బెంగళూరు మధ్య లైను మీద ధర్మవరం జంక్షన్ అయింది. పెనుకొండ, హిందూపురం స్టేషన్లయ్యాయి. స్టేషన్ రోడ్లలో హోటళ్ళు, లాడ్జిలు లేచాయి. చీరల వ్యాపారులు, చింతపండు వ్యాపారులు, గూళ్ళు కొనే రీలర్లు, పెనుకొండ బాబయ్య దర్గాకి వచ్చే భక్తులు, లేపాక్షి చూడ్డానికి వచ్చేవాళ్ళు, వీళ్ళే ఆ గదుల్లో దిగేవాళ్ళు. 2000 సంవత్సరంలో ప్రశాంతి నిలయం స్టేషన్ మొదలయ్యేదాకా పుట్టపర్తికి రైల్లో వచ్చేవాళ్ళు ధర్మవరంలోనో పెనుకొండలోనో దిగి రోడ్డు పట్టేవాళ్ళు. అలా గదికి ధర వచ్చింది, ఆ ధర బోర్డు మీదికి ఎక్కింది.

సరే, ఇప్పుడు అసలు విషయం. గది అనే సరుకుకి ఒక పెద్ద జబ్బు ఉంది. అది దాచుకుంటే నిలవ ఉండదు. చింతపండుని కోల్డ్ స్టోరేజీలో పెట్టి మంచి రేటు వచ్చేదాకా ఆగొచ్చు. పట్టుచీరని బీరువాలో పెట్టొచ్చు. కానీ ఈ రాత్రి ఖాళీగా ఉండిపోయిన గదిని రేపు అమ్మలేం. రేపటి రాత్రి వేరే సరుకు. తెల్లారితే ఇవాళ్టి గది చచ్చిపోయినట్టే.

మన ప్రాంతంలో దీనికి దగ్గరగా ఉండే సరుకు ఏదంటే పట్టుగూడు. పురుగు చంద్రికల మీద గూడు అల్లడం మొదలుపెట్టాక అయిదారు రోజులకి రైతు గూళ్ళు విడదీస్తాడు. ఇంకో నాలుగైదు రోజులు ఆలస్యమైతే లోపలి పురుగు రెక్కల పురుగై గూడుని తొలుచుకుని బయటికొస్తుంది. అప్పుడు దారం తెగిపోతుంది, ఆ గూడు రీలింగ్‌కి పనికిరాదు. అందుకే రైతు గూళ్ళు తీసిన వెంటనే బస్సులోనో వ్యానులోనో హిందూపురం మార్కెట్టుకి పరిగెత్తుతాడు. రాష్ట్రంలో పేరున్న పట్టుగూళ్ళ మార్కెట్టు అది. రైతు తొందర రీలర్‌కి తెలుసు. రీలర్‌కి తెలుసన్న సంగతి రైతుకీ తెలుసు.

ఇలాంటి చోట బేరం గుట్టుగా జరిగితే ఎవరికి లాభం? పశువుల సంతల్లో పాత పద్ధతి ఒకటి మీలో చాలామంది చూసుంటారు. తువ్వాలు కప్పి, దాని కింద వేళ్ళు పట్టుకుని ధర చెప్పుకోవడం. పక్కన నిలబడ్డవాడికి అంకె తెలీదు. ఆ గుట్టు దళారికి పెట్టుబడి. అమ్మేవాడికి ఒక అంకె, కొనేవాడికి ఇంకో అంకె చెప్పి మధ్యలో మిగుల్చుకోవచ్చు. పట్టుగూళ్ళకి ప్రభుత్వం మార్కెట్టు పెట్టి బహిరంగ వేలం పెట్టడంలో అసలు ఉద్దేశం ఈ తువ్వాలు తీసేయడమే. లాటు వారీగా పాట, కిలోకి ఇంత అని అందరికీ వినబడేలా. రేటు నచ్చకపోతే పాటను కాదనే హక్కు రైతుకి ఉంటుంది. రేటు తక్కువే రావచ్చు, కానీ పక్క లాటుకి ఎంత పలికిందో రైతుకి తెలుస్తుంది.

అంటే రేపటికి నిలవని సరుకుకి మన దగ్గర కనిపెట్టిన మందు ధరని బయటపెట్టడం. అమెరికాలో అదే జబ్బుకి సరిగ్గా దీనికి తిరగేసిన మందు కనిపెట్టారు.

ప్రైస్‌లైన్ అనే కంపెనీ 1998 ఏప్రిల్‌లో విమాన టికెట్లతో మొదలైంది. దాన్ని పెట్టినవాడు జే వాకర్. ఆ సంవత్సరమే హోటల్ గదులు కూడా చేర్చారు. "మీ ధర మీరే చెప్పండి" అన్నది వాళ్ళ పద్ధతి. అదెలా పనిచేసేదంటే, మీరు ఊరు, ఊళ్ళో ఏ ప్రాంతం, ఎన్ని నక్షత్రాల హోటల్, ఏ తేదీలు అన్నది ఎంచుకుంటారు. ఎంత ఇస్తారో ఒక అంకె వేస్తారు. క్రెడిట్ కార్డు నంబరు ముందే ఇచ్చేస్తారు. ఆ అంకెకి ఒప్పుకునే హోటల్ ఉంటే వెంటనే డబ్బు తీసుకుంటారు, ఆ తర్వాతే హోటల్ పేరు చెప్తారు. రద్దు లేదు, మార్పు లేదు. హోటల్ ఒప్పుకోకపోతే అవే షరతులతో మళ్ళీ వేయడానికి కొంత గడువు ఆగాలి, లేదా ఏదో ఒక షరతు మార్చాలి.

మామూలు వేలంలో అమ్మేవాడు ఒక్కడు, కొనేవాళ్ళు ఎక్కువమంది. ఇక్కడ కొనేవాడు ఒక్కడు, అమ్మేవాళ్ళు ఎక్కువమంది, కాబట్టి దీన్ని తిరగేసిన వేలం అన్నారు. 1998 ఆగస్టులో ఈ పద్ధతికి పేటెంటు కూడా వచ్చింది. 1999లో మైక్రోసాఫ్ట్ వాళ్ళ ఎక్స్‌పీడియా ఇలాంటిదే మొదలుపెడితే ప్రైస్‌లైన్ కోర్టుకి వెళ్ళింది. చివరికి 2001లో రాజీ కుదిరింది.

ఇక్కడ చాలామందికి వచ్చే అనుమానం ఒకటి ఉంది. హోటల్‌వాళ్ళు గది ఖాళీగా ఉంటే తగ్గించి అమ్ముకోవచ్చు కదా, పేరు దాచడం దేనికి? ఒక లెక్క వేద్దాం, అంకెలు ఊరికే ఉదాహరణకి. ఒక హోటల్లో గది 100 డాలర్లు. వంద గదుల్లో అరవై నిండాయి. మిగతా నలభై గదుల్లో ఒక్కోదాన్ని శుభ్రం చేసి ఇవ్వడానికి ఖర్చు 20 డాలర్లు. 55 డాలర్లకి ఎవరైనా వస్తే 35 మిగులు. కానీ బయట బోర్డు మీద 55 అని రాస్తే? ఇప్పటికే 100 ఇస్తున్న అరవై మంది కూడా 55 అడుగుతారు. రేపట్నించి అందరూ 55 కోసమే కాచుకుంటారు. కాబట్టి హోటల్‌కి కావాల్సింది ఏంటంటే, తక్కువ ధర ఉండాలి కానీ అది ఆ హోటల్ పేరు పక్కన ఎక్కడా కనబడకూడదు.

ధర్మవరంలో ఆషాఢం డిస్కౌంట్లు చూడండి. అవి గుట్టుగా ఉండవు, బ్యానర్లు కట్టి చెప్తారు. ఎందుకు చెప్పగలుగుతారంటే ఆషాఢంలో పెళ్ళిళ్ళు ఉండవు. తొందర లేనివాడు ఆ నెలలో తక్కువకి కొంటాడు, ముహూర్తం ముంచుకొచ్చినవాడు శ్రావణంలో ఆ రోజు రేటుకి కొంటాడు. పంచాంగమే ఇద్దర్నీ వేరుచేస్తుంది. అమెరికా హోటల్‌కి అలాంటి పంచాంగం లేదు. ఒకే రాత్రి, ఒకే కౌంటర్ దగ్గర ఇద్దరూ నిలబడతారు. వాళ్ళని వేరుచేయడానికి హోటల్ పెట్టిన పరీక్ష: "నా పేరు తెలీకపోయినా పర్వాలేదా?" పర్వాలేదన్నవాడికి తక్కువ ధర. కంపెనీ ఖర్చు మీద మీటింగ్ పక్కనే గది కావాల్సినవాడు ఆ మాట అనలేడు, పూర్తి ధర కడతాడు.

మరి మనవాళ్ళు ఎక్కడ వచ్చారు ఇందులోకి? అది వైటూకే కాలం. 1998 చట్టంతో హెచ్1బి వీసాల పరిమితి 65,000 నుంచి 1,15,000కి, తర్వాత 2001 నుంచి మూడేళ్ళపాటు 1,95,000కి పెరిగింది. హైదరాబాదు నుంచి, కోస్తా నుంచి, మన సీమ నుంచి కూడా ఇంజనీర్లు వెళ్ళారు. లాంగ్ వీకెండ్ వస్తే నాలుగు కుటుంబాలు కలిసి నయాగరాకో లాస్ వేగాస్‌కో బయల్దేరాలి, ఖర్చు మాత్రం తగ్గాలి. ఈ పద్ధతి వాళ్ళకి సరిగ్గా సరిపోయింది. కింద నుంచి మొదలుపెట్టి అయిదేసి డాలర్లు పెంచుకుంటూ పోవడం. గడువు ఆగకుండా మళ్ళీ బిడ్ వేయడానికి, ఆ తరగతి హోటలే లేని ఇంకో ప్రాంతాన్ని కలపడం. షరతు మారింది కాబట్టి సిస్టమ్ ఒప్పుకుంటుంది, గది మాత్రం కావాల్సిన చోటే వస్తుంది. ఎవరికి ఏ ఊళ్ళో ఎంతకి వచ్చిందో ఒకరికొకరు చెప్పుకునేవాళ్ళు. గమనించండి, తువ్వాలు కింద అంకెల్ని కొనేవాళ్ళంతా కలిసి బయటపెట్టుకున్నారు. హిందూపురం మార్కెట్టులో ప్రభుత్వం చేసిన పనిని ఇక్కడ వినియోగదారులే చేసుకున్నారు.

కానీ ఇందులో చిక్కులూ ఉన్నాయి. గది ఇద్దరికి అన్న హామీ మాత్రమే ఉండేది. రెండు మంచాలు ఇస్తారా, ఒకటే ఇస్తారా అన్నది చెప్పరు. ఊరి నుంచి అమ్మానాన్నలు వచ్చినప్పుడు, చంటిపిల్లతో వెళ్ళినప్పుడు ఇది చిన్న విషయం కాదు. పైగా పన్నులు, ఫీజులు చివర్లో కలిసేవి. కొన్ని ఊళ్ళలో రిసార్ట్ ఫీజు, పార్కింగ్ హోటల్ దగ్గర వేరుగా కట్టాలి. 55 అని సంబరపడితే చేతి నుంచి పోయేది ఇంకా ఎక్కువ.

ఈ పద్ధతి అన్నింటికీ పనిచేయదని కూడా త్వరగానే తేలింది. 1999 మార్చిలో ప్రైస్‌లైన్ షేరు 16 డాలర్లకి మార్కెట్టులోకి వచ్చి మొదటి రోజే 69కి చేరింది. ఆ ఊపులో జే వాకర్ కిరాణా సరుకులకీ పెట్రోలుకీ కూడా ఇదే పద్ధతి పెట్టి వెబ్‌హౌస్ క్లబ్ అని ఇంకో కంపెనీ నడిపాడు. 2000 అక్టోబరులో అది మూతబడింది. కారణం మీరే చెప్పగలరు. సబ్బు బిళ్ళ ఇవాళ అమ్ముడుపోకపోతే రేపు అమ్ముడుపోతుంది. సబ్బు కంపెనీకి దాన్ని నష్టానికి వదులుకోవాల్సిన అవసరం లేదు. దాంతో తగ్గింపు చాలావరకు క్లబ్బే తన జేబులోంచి భరించాల్సి వచ్చింది. ఆ ఏడాది చివరికి ప్రైస్‌లైన్ షేరు రెండు డాలర్ల లోపుకి పడిపోయింది.

2000లోనే హాట్‌వైర్ వచ్చింది. దాని వెనక కొన్ని పెద్ద విమాన సంస్థలే పెట్టుబడి పెట్టాయి. ఇందులో బిడ్ లేదు. ధర కనిపిస్తుంది, నక్షత్రాలు కనిపిస్తాయి, ప్రాంతం కనిపిస్తుంది, పేరు ఒక్కటే దాస్తారు. ఇప్పుడు మనం మిస్టరీ డీల్, సీక్రెట్ డీల్ అని చూసే వాటి రూపం ఇదే. 2001 సెప్టెంబరు దాడుల తర్వాత ప్రయాణాలు పడిపోయి హోటళ్ళు వెలవెలబోయాయి. గదులు నింపుకోవడానికి హోటళ్ళు ఇలాంటి సైట్ల మీద ఇంకా ఎక్కువగా ఆధారపడ్డాయి.

బిడ్ పద్ధతి మాత్రం మెల్లగా వెనకబడింది. 2005లో ప్రైస్‌లైన్ ఐరోపాలోని బుకింగ్ డాట్ కామ్‌ని కొన్నది. అందులో గుట్టేం లేదు, పేరూ ధరా రెండూ కనిపిస్తాయి, హోటల్ కమీషన్ ఇస్తుంది. అసలు లాభం అక్కడి నుంచే వచ్చింది. 2016లో విమాన టికెట్లకి "మీ ధర మీరే చెప్పండి" ఆపేశారు. 2018లో మాతృసంస్థ తన పేరునే బుకింగ్ హోల్డింగ్స్ అని మార్చుకుంది. జనానికి బిడ్ వేసి ఎదురుచూసే ఓపిక తగ్గింది, ఫోన్లో రెండు నొక్కులతో పనైపోవాలి.

ఇప్పుడు మన ఊళ్ళకి వద్దాం. ధర్మవరంలోనో హిందూపురంలోనో మిస్టరీ డీల్ ఎందుకు నడవదు? మొదటిది, పేరు దాగాలంటే ఒకే తరగతి హోటళ్ళు ఒకే ప్రాంతంలో చాలా ఉండాలి. ఊళ్ళో ఆ స్థాయివి రెండు మూడే ఉంటే "బస్టాండ్ దగ్గర, రెస్టారెంట్ ఉంది" అనగానే అదేదో ఆటోవాళ్ళు కూడా చెప్పేస్తారు. రెండోది, నక్షత్రాల మీద నమ్మకం ఉండాలి. పేరు చూడకుండా కొంటున్నప్పుడు చేతిలో ఉన్న హామీ ఆ నక్షత్రాలే. చిన్న ఊళ్ళ లాడ్జిలకి ఆ గుర్తింపు ఉండదు, అందుకే మనం తెలిసినవాళ్ళని అడుగుతాం. మూడోది, ఖాళీలూ గిరాకీలూ ఇక్కడ అందరికీ తెలిసినవే. ముహూర్తాల రోజుల్లో గది దొరకదు. నవంబరు 23న పుట్టపర్తిలో బాబా జయంతికి చుట్టుపక్కల ఎక్కడా దొరకదు. పెనుకొండ దగ్గర కియా ఫ్యాక్టరీకి 2017లో ఒప్పందం కుదిరి, 2019లో కార్లు బయటికి రావడం మొదలయ్యాక కొరియా నుంచి వచ్చినవాళ్ళ కోసం గెస్ట్‌హౌస్‌లు, కొరియన్ భోజనం పెట్టే హోటళ్ళు వెలిశాయి. ఇలా నెలల తరబడి ఉండేవాళ్ళకి కావాల్సింది ఒప్పందం మీద గదులు, ఒక్క రాత్రి అదృష్టం కాదు.

అందుకని మన దేశంలో చిన్న హోటల్ కథ ఇంకో దారి పట్టింది. 2013లో ఓయో మొదలైంది. అది హోటల్ పేరుని దాచలేదు గానీ దాని మీద తన పేరు పెట్టింది. లాడ్జి ఓనర్‌ది, బోర్డు కంపెనీది. చాలా ఒప్పందాల్లో రోజువారీ రేటు పెట్టే పని కూడా కంపెనీ చేతికే వెళ్ళింది. ఇంకోపక్క పెద్ద బుకింగ్ సైట్లు హోటళ్ళతో ఒక షరతు రాయించుకున్నాయి: మా దగ్గర పెట్టినదానికంటే తక్కువకి ఇంకెక్కడా అమ్మకూడదు అని. 2022 అక్టోబరులో కాంపిటీషన్ కమిషన్ ఇలాంటి షరతుల విషయంలో మేక్‌మైట్రిప్, గోఐబిబోలకి 223.48 కోట్ల రూపాయలు, పోటీ కంపెనీలని పక్కకి నెట్టే ఒప్పందం విషయంలో ఓయోకి 168.88 కోట్ల రూపాయలు జరిమానా వేసింది. కంపెనీలు దాని మీద అప్పీలుకి వెళ్ళాయి.

ఆ షరతుని మిస్టరీ డీల్ పక్కన పెట్టి చూడండి. మిస్టరీ డీల్‌లో హోటల్ తన ధరని తానే దాచుకుంది, తన లాభం కోసం. ఈ షరతులో హోటల్‌కి తన గది తగ్గించి అమ్మే స్వేచ్ఛే పోయింది. ధర్మవరంలో కూలికి నేసే నేతన్న పరిస్థితి గుర్తొస్తుంది. చీర నేసినందుకు మజూరీ ఎంతో అతనికి తెలుసు. ఆ చీర బెంగళూరు షోరూమ్‌లో ఎంతకి పోయిందో తెలీదు. సరుకు తన చేతిలో తయారైంది గానీ ధర తన చేతిలో లేదు.

కాబట్టి ఈ చరిత్ర మొత్తంలో అడగాల్సిన ప్రశ్న ధర దాచారా, చెప్పారా అన్నది కాదు. ఎవరు దాచారు, ఎవరికి తెలీకుండా దాచారు అన్నది. రైతుకి తెలీకుండా దాస్తే దళారి బాగుపడతాడు. మిగతా కస్టమర్లకి తెలీకుండా హోటల్ దాస్తే, చేతిలో టైమూ ఓపికా ఉన్న ప్రయాణికుడు కూడా కాస్త బాగుపడతాడు. ఓనర్‌ని పక్కన పెట్టి మధ్యవాడు ధర నడిపితే, చివరికి ఓనరూ ప్రయాణికుడూ ఇద్దరూ మధ్యవాడి చేతిలో ఉంటారు.

బెంగళూరులోనో విదేశాల్లోనో మీకు మిస్టరీ డీల్ కనిపిస్తే ఈ నాలుగూ చూసుకోండి. అదే ప్రాంతంలో పేరున్న హోటళ్ళ మామూలు ధర ఎంత? పన్నులు, ఫీజులు కలిపి చివరి అంకె ఎంత? ఎంతమంది ఉన్నారు, మంచాల సంగతి హామీ ఉందా? ప్రయాణం ఆగిపోతే ఆ డబ్బు వదులుకోగలరా? ఈ నాలుగింటికీ జవాబు బాగుంటే కొనండి. పెద్దవాళ్ళతో, పిల్లలతో వెళ్తుంటే పేరు తెలిసిన గదే మేలు. మన ఊళ్ళ లాడ్జి అయితే యాప్‌లో రేటు చూసుకుని, నేరుగా ఫోన్ చేసి "మీరెంతకి ఇస్తారండీ?" అని ఓనర్‌ని అడగండి. ఒక్కోసారి అదే ధర చెప్తారు, ఒక్కోసారి తగ్గిస్తారు. ఎలా అయినా ధర ఎవరి నోట విన్నారో మీకు తెలుస్తుంది.

వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. మీ ఊళ్ళో పాత సత్రాలు, మొదటి లాడ్జిల గురించి పెద్దవాళ్ళు చెప్పిన సంగతులుంటే రాసి పంపండి.